నాణెం మీద 926 ఉంది కదా అని...

పొద్దున్నే ఓ మహానుభావుడు ఫొటో పెట్టాడు: "1520లో యెమెన్‌లోని జబీద్‌లో కొట్టిన ఒట్టోమన్ బంగారు నాణెం." కింద ఒకటే హారతులు. తప్పని చెబితే జవాబు: "నాణెం మీదే ఉంది, చదువుకోండి సార్."

చదువుకున్నాం లెండి. 1520లో జబీద్‌లో ఒట్టోమన్లు ఎక్కడున్నారయ్యా? ఒట్టోమన్ సేనాని హాదిమ్ సులేమాన్ పాషా నౌకలు అటు వచ్చిందే 1538లో. అదీ మన డయ్యూలో పోర్చుగీసువాళ్ళ పని పడదామని. వస్తూ ఏడెన్ పట్టుకున్నాడు. డయ్యూలో ఏమీ చేయలేక, తిరిగిపోతూ జబీద్ మీద పడ్డాడు. ఉత్తచేతులతో ఎందుకు పోవాలని కాబోలు.

ఆ హిజ్రీ 926, అంటే మన లెక్కలో 1520, ఒట్టోమన్ సుల్తాన్ సులేమాన్ గద్దెనెక్కిన ఏడు. వాళ్ళ టంకశాలల్లో మామూలుగా వేసేది గద్దెనెక్కిన ఏడే, కొట్టిన ఏడు కాదు. ఆయన 1566లో పోయేదాకా అచ్చు మీద 926 కదల్లేదు. ఆయన తర్వాత సుల్తానైన కొడుకు సెలీం నాణేలతో ఇంకా చిక్కు. వాటి మీద 974, అంటే 1566. 1567లో యెమెన్ జైదీ షియాల నాయకుడు ముతహ్హర్ ఒట్టోమన్ల నుంచి సనా లాక్కున్నాడు, 1569లో ఒట్టోమన్ సేనాని సినాన్ పాషా వచ్చి మళ్ళీ తీసుకున్నాడు. 974 అని ఉన్న నాణెం ఆ గొడవకు ముందుదా, తర్వాతదా? ఆ అంకె చెప్పదు. అచ్చులు పక్కపక్కన పెట్టి పోల్చుకోవాల్సిందే.

అసలు అది జబీదేనని ఎలా తేల్చాడో! "దురిబ ఫీ" (అరబ్బీలో "ఫలానా చోట కొట్టినది") తర్వాత ఊరి పేరు వెతకాలి. అరబ్బీ అక్షరాల చుక్కలు చాలాసార్లు ఉండవు. చుక్క పోతే "జే" కాస్తా "రే" అవుతుంది, "బే", "యే" రెండూ ఒకేలాంటి పళ్ళు, చివర "దాల్". రెండు సెంటీమీటర్ల బిళ్ళ మీద అచ్చు పక్కకు జరిగితే సగం పేరు అంచు దాటిపోతుంది. ఈయన ఫొటోలో సరిగ్గా ఆ మూలే ఫ్లాష్ వెలుగు. భేష్.

బరువు మాత్రం చెప్పడు. సుల్తానీ అంటే ఒట్టోమన్ల బంగారు నాణెం, 3.5 గ్రాములకు కాస్త తక్కువ, దాదాపు మేలిమి. కాటా మీద గ్లాసుతో నీళ్ళు పెట్టి సున్నా చేసి, నాణేన్ని దారంతో అడుగు తగలకుండా ముంచండి. కాటా 0.18 చూపాలి. 0.4 చూపిస్తే ఇత్తడి మీద పూత. గొలుసు కొక్కెం అతికించినదైతే ఆ టాకా లెక్క చెడగొడుతుంది.

ఈ తేదీల జబ్బు ఇవాళ్టిదా? ఆస్ట్రియా రాణి మరియా థెరీసా బొమ్మతో ఉన్న వెండి నాణెం, థాలర్, చూపించి "1780 నాటి అపురూపం" అని ఎంతమంది అమ్మలేదు! ఆవిడ పోయింది 1780లో, తేదీ అక్కడే ఆగింది. యెమెన్ కాఫీ బేరగాళ్ళూ ఇథియోపియా సంతలూ అదే బొమ్మ అడిగేవి కాబట్టి వియన్నా, రోమ్, లండన్ ఒకదాని తర్వాత ఒకటి కొట్టాయి. మన బొంబాయి టంకశాల కూడా 1940-41లో నిక్షేపంగా 1780 అనే కొట్టింది. 1918లో ఇటలీ ఎరిత్రియా కోసం అలాంటిదే సొంతంగా చేస్తే అక్కడి జనం ఒప్పుకోలేదు.

పోనీ, థాలర్‌నైనా ఉన్నదున్నట్టు ఉంచుతారా? 28 గ్రాముల వెండి మీద ఏళ్ళ తరబడి పట్టిన నల్లపొరను చింతపండేసి రుద్ది, తళతళమంటుంటే ఫొటో! రాణి బొమ్మలో జుట్టు గీతలన్నీ అరిగి నున్నగా అయ్యాక "మింట్ కండిషన్" అట. అంట్లగిన్నె కాదు నాయనా అది.