టర్నులు తక్కువ, టెక్కు ఎక్కువ మోటారు గారికి

మహారాజశ్రీ 13 టర్నుల (లోపల తీగ చుట్లు తక్కువున్న) మోటారు గారి దివ్యసముఖానికి, రాక్ క్రాలర్లు, అంటే రాళ్ల మీద మెల్లగా పాకే రిమోట్ బొమ్మ బండ్లు, నడిపేవాళ్లం నమస్కరించి రాయునది ఏమనగా, మేము ఇక్కడ క్షేమం. యాక్సిల్‌లో గేర్లు మాత్రం అంతంతమాత్రం.

కొత్తగా బండి కట్టేవాళ్ల కళ్లు మొదట పడేది తమరి డబ్బా మీది ఆర్‌పీఎం అంకె మీదే. బండి రాయి మీదికి పాకాలా, ఎగిరి అవతల పడాలా అన్నది తర్వాత తట్టే సంగతి. అందుకే తమరి ముందే ఓ లెక్క పెడుతున్నాం. 87 పళ్ల స్పర్‌ను (పెద్ద గేరు) తమరి షాఫ్టు మీది 14 పళ్ల పినియన్ (చిన్న గేరు) తిప్పితే వేగం తగ్గింపు 6.21 రెట్లు. గేర్‌బాక్సు 2.6. యాక్సిల్ లోపల 13 పళ్లు 38 పళ్ల రింగును తిప్పితే 2.92. మూడూ గుణిస్తే సుమారు 47. తమరు 47 చుట్లు తిరిగితేగానీ చక్రం ఒక చుట్టు తిరగదు. అయినా తమరికి అది చాలడం లేదు. తమరి బ్రష్‌లెస్ (బ్రష్‌లు లేని) తమ్ముడు 3500 కేవీ (వోల్టుకు 3500 ఆర్‌పీఎం) వారు 11.1 వోల్టుల 3ఎస్ (మూడు సెల్లుల బ్యాటరీ) మీద, బరువేమీ లేకపోతే, 38,850 ఆర్‌పీఎం అందుకుంటారు. టైరు వ్యాసం 12 సెం.మీ. అయితే అది గంటకు 18.6 కి.మీ. రాతి అంచున మాకు కావాల్సింది అర కిలోమీటరు. అంటే మా సంసారమంతా రిమోట్ ట్రిగ్గర్‌లో మొదటి 3 శాతం లోపల సర్దుకోవాలన్నమాట. మిగతా 97 శాతం తమరి ప్రతిష్ఠ కోసం.

పినియన్‌ను 11 పళ్లకు దించితే సరిపోదా అంటారేమో. నిష్పత్తి 60 అవుతుంది, నిజమే. మేమూ మొదట చేయమనేది అదే. కానీ తమరి జబ్బు పళ్లలో లేదు, లోపలి తీగ చుట్లలో ఉంది. టర్నులు తక్కువైతే ఒక్కో ఆంపియరుకు వచ్చే టార్కు తక్కువ. చక్రం రాతి సందులో ఇరుక్కుని దాదాపు ఆగిపోయినప్పుడు, ఆ లోటు పూడ్చడానికి తమరు కరెంటును గుటగుటా తాగుతారు. బ్రష్‌లు నల్లబడతాయి, ఈఎస్‌సీ (మోటారుకు కరెంటు అందించే స్పీడ్ కంట్రోలర్) వేడెక్కి చేతులెత్తేస్తుంది. పరిగెత్తి పాలు తాగడం తమరి నైజం. నిలబడి నీళ్లు తాగేవాళ్లే మాకు కావాలి. 2ఎస్ మీద 35 టర్నులాయన, 3ఎస్ మీద 45 లేదా 55 టర్నులాయన. ఆర్మేచర్‌కు (తీగ చుట్టిన, తిరిగే భాగం) మూడు స్లాట్ల (తీగ కూర్చునే గాడులు) బదులు అయిదుంటే మొదటి కదలికలో కుదుపు తగ్గుతుంది. ఎండ్‌బెల్ (బ్రష్‌లుండే వెనక మూత) టైమింగ్ సున్నా దగ్గర ఉంచాలి. ముందుకు దూకడం కోసం దాన్ని జరిపితే రివర్సులో నీరసం, మాకేమో వెనక్కి దిగడం సగం పని. బ్రష్‌లెస్సే కావాలంటే రోటరు ఎక్కడుందో చెప్పే సెన్సార్ ఉన్నదే తీసుకోవాలి. అది లేనివాళ్లు బయల్దేరే ముందు నత్తినత్తిగా మాట్లాడతారు.

ఒక్క మోటారుతోనే ఇంత రభస. 1987లో తమియా వారి క్లాడ్ బస్టర్ ముందూ వెనకా యాక్సిల్‌కొక మోటారు పెట్టి వచ్చింది. అలాంటి బండిలో రెండు మోటార్లనీ సిరీస్‌లో కలిపే మహానుభావులున్నారు. కరెంటు ఒకటే, వోల్టేజీ మాత్రం వాటాలు. రాతికి ఆనుకుని ఆగిన మోటారుకు చుక్క దక్కదు, గాల్లో ఊరికే తిరిగేది మొత్తం మింగేస్తుంది. పనిచేసేవాడికి పస్తు, షికారు చేసేవాడికి విందు. పారలల్‌లోనే కలపాలి, ఇద్దరి కరెంటూ మోయగల ఈఎస్‌సీ పెట్టాలి. రెండూ ఒకే టర్నులవి కావాలి. ట్రిగ్గర్ నొక్కగానే యాక్సిళ్లు ఎదురెదురుగా తిరిగితే ఒక మోటారు వైర్లు తారుమారు చేస్తే చాలు.

ఇక తమరు చిన్నచూపు చూసే యాక్సిల్ సంగతి. డిఫరెన్షియల్ (ఎడమ, కుడి చక్రాలకు వేర్వేరు వేగాలిచ్చే గేర్లు) లాక్ కాకపోతే పైకి లేచిన చక్రమే తిరుగుతుంది, నేల మీదిది చోద్యం చూస్తుంది. కాబట్టి రెండు యాక్సిళ్లకూ లాకర్ తప్పనిసరి. దాని తర్వాత మాకు ప్రాణం ఓవర్‌డ్రైవ్. వెనక 38/13 (రింగు పళ్లు/దాన్ని తిప్పే గేరు పళ్లు) అలాగే ఉంచి ముందు 36/14 వేస్తే ముందు చక్రాలు 13.7 శాతం ఎక్కువ తిరుగుతాయి. నిట్టనిలువు ఎక్కుడులో ముక్కును లాగి పట్టుకుంటాయి, బండి వెల్లకిలా పడడం తగ్గుతుంది, మలుపు కూడా చిన్నదవుతుంది. ఆశ చావక వెనక 43/13 కూడా వేస్తే తేడా 28.6 శాతం. పట్టున్న చదును నేల మీద ముందు టైర్లూ వెనక టైర్లూ జుట్టూ జుట్టూ పట్టుకుంటాయి, ఆ తగవు తీర్చేది యాక్సిల్ గేరు పళ్లే. ఒక వైపు మార్పు చాలని మా అభిప్రాయం.

తమరు ఊపు అందుకున్నప్పుడల్లా, గేర్‌బాక్సు నుంచి యాక్సిల్‌కు వెళ్లే షాఫ్టు టార్కుకు ఛాసిస్ ఒక పక్కకు ఒరుగుతుంది. పోర్టల్ యాక్సిల్‌లో చివరి తగ్గింపు చక్రం దగ్గరే జరుగుతుంది గనుక షాఫ్టు మీద భారం తగ్గుతుంది, యాక్సిల్ మధ్యలోని గేర్ల గుండు కూడా రాళ్లకు తగలడం తగ్గుతుంది. కాకపోతే బండి ఎత్తు పెరుగుతుంది. ఆ ఎత్తుకు విరుగుడు ఇత్తడి బరువు: ముందు చక్రాలను మోసే నకిల్స్‌లో, చక్రాల లోపల. పైకప్పు మీద కాదు.

చిత్తగించవలెను.

తా.క.: తమరిని బిగించేటప్పుడు స్పర్‌కూ పినియన్‌కూ మధ్య పల్చటి కాగితం పెడతాం. చిరగకుండా, మడతలు మడతలుగా బయటికి వస్తే పళ్ల ఎడం సరిపోయినట్టు. ఎం3 స్క్రూ మౌంటు ప్లేటు దాటి 3 మి.మీ. మించి పొడుచుకు రాకూడదు. వచ్చిందంటే తమరి చుట్టలకే గుచ్చుకుంటుంది. బిగించాక షాఫ్టును వేళ్లతో తిప్పి చూస్తాం. గరగర వినిపిస్తే స్క్రూ తీసి ఒక వాషర్ వేస్తాం.