ముందే కొనాలా, లిస్టయినాక కొనాలా?

రొయ్యల చెరువులకు ఆక్సిజన్ సెన్సర్లు, వాటి సాఫ్ట్‌వేర్ అమ్మే నెల్లూరు కంపెనీ ఒకటి మెయిన్‌బోర్డు ఐపీవోకి, అంటే స్టాక్ ఎక్స్ఛేంజీ ప్రధాన విభాగంలో లిస్టవడానికి జనానికి తొలిసారి షేర్లు అమ్మే ఇష్యూకి, సిద్ధమవుతోంది. ఈలోపు కావలి వైపు మేత లెక్కల యాప్ నడిపే చిన్న కంపెనీని కొందామంటాడు యజమాని. ఆడిటర్ ఒప్పుకోడు.

యజమాని: నలభై కోట్లకు బేరం తెగిందన్నా. వాళ్ల అమ్మకాలు కూడా మన లెక్కల్లో కలిస్తే ఇష్యూ రేటు బాగా పలకతాది.

ఆడిటర్: ఆ నలభైలో చేతికొచ్చే ఆస్తి ఎంత? కంప్యూటర్లు, బ్యాంకు నిల్వ, రావాల్సిన బాకీలు, అన్నీ కలిపి నాలుగు. మిగతా ముప్పై ఆరు సాఫ్ట్‌వేర్, కస్టమర్ల జాబితా, గుడ్‌విల్. గుడ్‌విల్ అంటే ఆస్తుల విలువకు మించి మనం కట్టే డబ్బు. షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ నిబంధన ఏం చెప్తోంది? గత మూడేళ్లలో ఏ ఏడు చూసినా నికర స్పర్శనీయ ఆస్తులు, అంటే అప్పులు పోను మిగిలే కంటికి కనిపించే ఆస్తులు, మూడు కోట్లకు తగ్గకూడదు. గుడ్‌విల్, సాఫ్ట్‌వేర్, జాబితా అందులోకి రావు. ఇప్పుడు నీకున్నది 38. అందులో నలభై పోయి నాలుగొస్తే మిగిలేది రెండు. సొంత డబ్బు పెట్టినా, అప్పు తెచ్చినా అంతే. మార్చి 31న ఆ రెండు కోట్లు పుస్తకంలో పడితే ఐపీవోకి మామూలు దారి మూసుకుపోయినట్టే. ఇంకో దారుంది, కాకపోతే ఇష్యూలో కనీసం 75 శాతం పెద్ద సంస్థలకే పోవాలి, చిన్న మదుపరులకు పది శాతం మించదు. పైగా కస్టమర్ల జాబితా విలువ ఏటా కొంత ఖర్చుగా తరిగి లాభాన్ని తింటాది. గుడ్‌విల్ అరగదు గానీ, ఏటా పరీక్షలో విలువ పడిపోతే ఒక్కసారిగా కొట్టేయాల.

యజమాని: అయితే డబ్బు ఇవ్వను, షేర్లిస్తా. అప్పుడు నీ 38 తగ్గదు కదా?

ఆడిటర్: తగ్గదు, నిజమే. కానీ ఐపీవో ముసాయిదా పత్రం సెబీకి వేసేనాటికి ఏడాది నిండని షేర్లను వాళ్లు ఇష్యూలో అమ్ముకోలేరు. ఇష్యూలో షేర్లు కేటాయించిన నాటి నుంచి ఆర్నెల్లు లాకిన్, అంటే అమ్మడానికి లేదు. అమ్మేవాడు దానికి ఒప్పుకుంటాడా?

యజమాని: మరి లిస్టయినాకే కొను అంటావు. ఐపీవో డబ్బుతో కొందామంటే, కొనబోయే కంపెనీ పేరు పత్రంలో చెప్పకపోతే దానికి ఇష్యూ డబ్బులో 25 శాతం మించి పెట్టకూడదు, జనరల్ కార్పొరేట్ ఖర్చులు, అంటే కంపెనీ సాధారణ అవసరాలు, కలిపి 35 మించకూడదు. పేరు చెప్తే వాడు రేటు పెంచడా? ఈలోపు వేరేవాడు ఎత్తుకుపోడా?

ఆడిటర్: ఆ భయం నాకూ ఉండాది. అందుకే ఇప్పుడు ఒప్పందం రాసుకో, డబ్బు ఇష్యూ తర్వాత కట్టు. తొందరపడి కొన్నావా, వాళ్ల అమ్మకాలో, నికర విలువో, లాభమో మనదాంట్లో 20 శాతానికి చేరితే ప్రొఫార్మా లెక్కలు, అంటే రెండు కంపెనీలూ ముందునుంచే ఒకటైనట్టు చూపే లెక్కలు, పెట్టాల. వాళ్ల పుస్తకాలు ఆ పరీక్షకు నిలబడవు.

యజమాని: ఎందుకు నిలబడవు? వాళ్ల సాఫ్ట్‌వేర్ మనదానికన్నా నయం. మన సెన్సరు మొన పాచి పట్టి తెల్లవారుజామున తప్పు చూపిస్తోందని రైతులు తిడతాన్నారు.

ఆడిటర్: మొన తుడవకపోతే ఎవరి సెన్సరైనా అంతే! ఆ లెక్కకు రోజూ తుడిచే మనిషిని పెట్టు, కంపెనీ ఎందుకు? నేను చెప్పేది బాకీల సంగతి. రొయ్యల పట్టుబడి అయినాక ఇస్తామని రైతులన్న డబ్బునంతా వాళ్లు అమ్మకం కింద రాసేసినారు. తెల్లమచ్చ రోగం వచ్చి చెరువులో రొయ్యలు పోతే ఆ డబ్బు ఎవడిస్తాడు?

యజమాని: అన్ని చెరువులూ పోవు కదన్నా.

ఆడిటర్: ఏవి పోయినాయో చూద్దాం. చెరువు వారీగా, ఆర్నెల్లు దాటిన బాకీల పట్టీ తెప్పించు.