‘రూస్’ మాటకు పట్టా ఎవరి పేరున?

మన దగ్గర సెంటు భూమికి కూడా ఒక అడంగలో పహాణీయో ఉంటుంది. తగాదా వస్తే తేల్చడానికి ఎమ్మార్వో ఉంటారు. దేశాల పేర్లకు మాత్రం రికార్డూ లేదు, రికార్డు దిద్దే నాథుడూ లేడు. ఎవరు ముందు దున్నితే వాళ్ళదే. ఈ అరాచకాన్ని చూడాలంటే రష్యా పేరుకు మూలమైన ‘రూస్’ అనే ఒక్క మాట చాలు. ఫిన్లండులో ‘రువొత్సి’ అంటే స్వీడన్. ఫిన్నిష్‌కు చుట్టరికమున్న మరో ఉరాలిక్ భాష కోమి. ఉరల్ పర్వతాల పడమటి పక్కన వాళ్ళు ‘రోచ్’ అన్నారంటే రష్యావాడని అర్థం. మాట ఒకటే, మనుషులు వేరు. స్కాండినేవియా ఉత్తరపు కొసన ఉండే ఉత్తర సామీ వాళ్ళు ఇద్దరినీ నొప్పించకుండా ‘రువొథ్థ’ అని స్వీడన్‌నీ, ‘రువొష్ష’ అని రష్యానీ పిలుస్తారు. అక్కడ హల్లు పలకడంలో నాలుక కాస్త జారితే పౌరసత్వమే మారిపోతుంది.

ఇలాంటి పరిస్థితిని ఇంకా ఉపేక్షించడం తగదు కనుక, ఎవరూ అడగకపోయినా, ఈ వ్యాసం ద్వారా విచారణ మొదలుపెడుతున్నాం.

మొదటి దస్తావేజు 839 నాటిది. బైజాంటైన్ చక్రవర్తి తియోఫిలోస్ పంపిన రాయబారులు జర్మనీలోని ఇంగెల్‌హైమ్‌లో ఫ్రాంకుల చక్రవర్తి లూయీ కొలువుకు వచ్చారు. వాళ్ళ వెంట మరికొందరు ఉన్నారు. ‘మమ్మల్ని రోస్ అంటారు, మా రాజు ఖగాన్’ అని ఆ కొందరు చెప్పుకున్నారు. లూయీకి అనుమానం వచ్చి ఆరా తీయిస్తే స్వీడన్ జాతివాళ్ళని తేలింది. గూఢచారులేమో అని నిలిపేశాడు. సెయింట్ బెర్టిన్ వార్షిక వృత్తాంతాల్లో ఉన్న సంగతి ఇది. రాజు బిరుదేమో తురుష్క గడ్డిమైదానాలది, జాతేమో స్వీడన్‌ది, చెప్పుకున్న పేరు ఇంకోటి. మొదటి ఎంట్రీలోనే ఇన్ని దిద్దుబాట్లున్న దస్తావేజును మన సబ్ రిజిస్ట్రారైతే తిప్పి పంపేవారు.

ఇక మాట పుట్టుక. ఎక్కువమంది పండితులు ఒప్పుకునే లెక్క ఇది: స్కాండినేవియా వాళ్ళ పూర్వభాష పాత నార్స్‌లో ‘రోథ్స్’ అన్న మొదలున్న మాటలు తెడ్డు వేయడానికి సంబంధించినవి. స్టాక్‌హోమ్‌కు ఉత్తరాన ఉప్లాండ్ తీరానికి నేటికీ ‘రూస్లాగెన్’ అనే పేరుంది, అది తెడ్డు వేసేవాళ్ళ సీమ. బాల్టిక్ దాటి పడవల్లో వచ్చిన ఈ మనుషులను ఫిన్నులు వాళ్ళ పనిని బట్టే పిలిచారు.

అలా పిలిచారని చెప్పేస్తే సరిపోదు, ధ్వనులు ఒప్పుకోవాలి. పరీక్ష ఇలా చేస్తారు. ముందు అచ్చు చూడాలి. పాత ‘ఓ’ ఫిన్నిష్‌లో ‘ఉవొ’ అవుతుంది, ఎస్టోనియన్‌లో ‘ఓ’గానే నిలుస్తుంది. స్వీడన్‌ను ఎస్టోనియా వాళ్ళు ‘రోత్సి’ అంటారు కనుక ఇక్కడ పాసు. తర్వాత హల్లు: ‘థ్స్’ గుత్తి ‘త్స్’ కావాలి, అయింది. చివరిది, అన్నిటికంటే కష్టమైనది, స్లావులు దీన్ని ‘రూస్’గా మార్చగలరా అన్నది. దానికి జోడు మాట వెతకాలి. ఫిన్లండు వాళ్ళ సొంత పేరు ‘సువొమి’, పాత రష్యన్ వృత్తాంతాల్లో వాళ్ళ పేరు ‘సూమ్’. సువొమి సూమ్ అయినప్పుడు రువొత్సి రూస్ కావడానికి అడ్డేముంది? పైగా చూద్, వేస్, యామ్, పేర్మ్ అని ఆ వృత్తాంతాల్లో కనిపించే ఉత్తరాది ఫిన్ను తెగల పేర్లన్నీ ఇదే మూసలో పోసినవి. రూస్ ఆ వరుసలో చక్కగా కూర్చుంటుంది.

ఇక్కడే ఔత్సాహికులు బోల్తా పడతారు. ఫిన్నిష్‌లో రష్యాను ‘వెనయ’ అంటారు, పడవను ‘వెనె’ అంటారు. ఇంకేం, స్వీడన్‌కు తెడ్డు, రష్యాకు పడవ, సంసారం కుదిరింది అనిపిస్తుంది. కుదరలేదు. వెనయ అనేది జర్మానిక్ జనం స్లావులకు పెట్టిన ‘వెండ్’ అనే పేరు నుంచి వచ్చింది, పడవతో దానికి ఏ చుట్టరికమూ లేదు. రెండు మాటలు ఒకేలా వినబడటం సాక్ష్యం కాదు. ఎన్ని మాటల్లో ఒకే మార్పు క్రమం తప్పకుండా కనబడిందన్నదే సాక్ష్యం.

ప్రతివాది పక్షం ఏమీ ఉత్త చేతులతో రాలేదు. స్కాండినేవియా వాళ్ళు తమ పాత వీరగాథలైన సాగాల్లో ఆ దేశాన్ని ‘గార్దరీకి’ అన్నారే కానీ తమను తాము రూస్ అనుకోలేదు. 862 కింద, తమను ఏలడానికి సముద్రం అవతలి నుంచి రూరిక్ అనే నాయకుణ్ణి పిలిపించిన కథ చెప్పిన రష్యన్ వృత్తాంతం కూడా రూస్‌ను స్వీడన్ వాళ్ళతో కలపకుండా, వాళ్ళ పక్కన వేరే తెగగా లెక్కపెట్టింది. గట్టి అభ్యంతరమే. కానీ 950 ప్రాంతంలో బైజాంటైన్ చక్రవర్తి కాన్‌స్టాంటిన్, ద్నీపర్ నది మీద పడవలకు ప్రాణగండమైన రాతి ఉరవళ్ళకు రోస్ భాషలో ఒక పేరు, స్లావు భాషలో ఒక పేరు రాసిపెట్టాడు. రోస్ పేర్లు చదివితే నార్స్. అందులో ‘ఐఫోర్’ అనేదాన్ని స్లావులు అక్కడ గూళ్ళు కట్టే గూడబాతుల పేరుతో పిలిచారట. బాల్టిక్ నడుమ గోట్లాండ్ దీవిలో దొరికిన రూనిక్ (స్కాండినేవియా పాత లిపి) శిలాశాసనం మీద అదే ఐఫోర్ పేరు చెక్కి ఉంది. ఇద్దరు సాక్షులు, ఒకరినొకరు ఎరగనివాళ్ళు, ఒకే మాట చెబితే ఏ మునసబైనా తలూపక తప్పదు.

ఈలోగా మాట తూర్పుకు నడిచింది. రష్యన్ వ్యాపారులు, కొసాక్కులు బొచ్చుతోళ్ళ కోసం సైబీరియాలోకి దిగేకొద్దీ వాళ్ళకంటే ముందు వాళ్ళ పేరు నడిచింది, దారిలో ఒక్కో నోట్లో ఒక్కో పన్ను కట్టుకుంటూ. ఉద్‌ముర్తులు ‘జుచ్’ అన్నారు. నేనెత్స్ భాషలో మాట ‘ర’తో మొదలు కాకూడదు, అందుకని ‘లూత్స’. ఎవెంకీలకూ అదే ఇబ్బంది, ‘లూచ’. యాకూతులకు మొదట్లో ‘ల’ కూడా పడదు, ‘నూచ్చా’. తెడ్డు వేసేవాడు లేనా నది చేరేసరికి ‘ర’నూ ‘ల’నూ కూడా పోగొట్టుకున్నాడు.

దక్షిణపు దారి ఇంకొకటి. తురుష్కులు, మంగోలులు ‘ర’కు ముందు ఒక అచ్చు కాపలా పెడతారు: కజఖ్‌లో ‘ఒరిస్’, మంగోలియన్‌లో ‘ఒరోస్’. హంగరీ వాళ్ళు ఉరాలిక్ భాషే మాట్లాడినా ఈ మాట మాత్రం తురుష్కుల దగ్గరే తీసుకున్నారు, అందుకే వాళ్ళ నోటా ‘ఒరోస్’. మంగోలుల ద్వారా చైనాకు చేరి ‘అలువోస్’ అయింది. దీన్ని చూసి నవ్వేవారు మన పొరుగును గుర్తు చేసుకోవాలి. తమిళులు ‘ఉరుసియా’ అని రాసేదీ ఈ కాపలా నియమంతోనే.

చైనా దస్తావేజుల్లో అలువోస్ స్థిరపడకముందు ఇంకో ముచ్చట జరిగింది. 1680లలో ఆముర్ నది ఒడ్డున అల్బాజిన్ కోట దగ్గర చింగ్ సైన్యం కొసాక్కులతో తలపడింది. లూచ అన్న మాటే చింగ్ వంశపు పాలకులైన మంచూల నోట మారి, చైనా గుమాస్తాల కలం కింద ‘లువోచా’ అయింది. దాన్ని రాయడానికి వాళ్ళు వాడిన అక్షరాలు ఏవనుకున్నారు? బౌద్ధ గ్రంథాల్లో మన ‘రాక్షస’ శబ్దాన్ని రాయడానికి వాడేవే. యుద్ధం జరుగుతున్నప్పుడు గుమాస్తాకు వేరే అక్షరాలు తట్టకపోవడం సహజం.

సెయింట్ పీటర్స్‌బర్గ్ అకాడమీలో 1749లో జరిగిన విచారణ మాత్రం నిజంగా మనవాళ్ళు చూసి నేర్చుకోవలసినది. గెర్హార్డ్ ఫ్రీడ్రిక్ మ్యూలర్ అనే జర్మన్ చరిత్రకారుడు రష్యా జాతి, పేరు పుట్టుక మీద ప్రసంగం రాసుకున్నాడు. రూస్ స్కాండినేవియా నుంచి వచ్చిందన్నాడు. స్వీడన్‌తో యుద్ధం ముగిసి అప్పటికి ఆరేళ్ళు. ఇంతకంటే మంచి ముహూర్తం ఎవరూ పెట్టలేరు. ప్రసంగాన్ని ఆపించారు, అచ్చయిన ప్రతులను నాశనం చేయించారు, ఆ మరుసటి ఏడు మ్యూలర్‌ను ప్రొఫెసర్ హోదా నుంచి కొంతకాలం కిందికి దించారు. ప్రధాన విమర్శకుడు మిఖాయిల్ లోమొనోసొవ్, అప్పటికి రసాయన శాస్త్ర ప్రొఫెసర్. ఆయన తీర్పు ప్రకారం రూస్ అనేది రొక్సొలానులు అనే పాత గడ్డిమైదానపు తెగ పేరు. ఆ తెగ ఇరానీ కుటుంబానిదన్న చిన్న ఇబ్బందిని ఆయన వాళ్ళను స్లావులుగా ప్రకటించి పరిష్కరించాడు.

ఈ మాటంటే రసాయనవేత్తలకు మొదటి నుంచీ మమకారమే. 1844లో కజాన్‌లో కార్ల్ క్లాస్ ఉరల్ ప్లాటినం ఖనిజపు మడ్డి నుంచి కొత్త లోహం తీసి, రూస్‌కు లాటిన్ రూపమైన రుథేనియా పేరు మీద ‘రుథేనియం’ అన్నాడు. మూలకాల పట్టికలో 44వ గడి. ఈ తగాదా మొత్తంలో సర్వే నంబరుతో సహా రిజిస్ట్రేషన్ జరిగిన ముక్క అదొక్కటే.

ఆలస్యంగా వచ్చిన అర్జీలు రెండున్నాయి. బైబిల్ యెహెజ్కేలు గ్రంథంలో హీబ్రూ ‘రోష్’ అంటే తల, ముఖ్యుడు. గ్రీకు అనువాదకులు దాన్ని దేశం పేరనుకుని ‘రోస్’ అని వదిలేశారు, అప్పటి నుంచి ప్రళయం ఉత్తరం నుంచే వస్తుందని నమ్మేవాళ్ళకు కొరత లేదు. రెండోది మన వాట్సాప్ పండితులది: రష్యా అంటే ఋషుల దేశమట. తెలుగు ‘రష్యా’ ఇంగ్లిషు నుంచి వచ్చింది, ఇంగ్లిషుకు లాటిన్ నుంచి అందింది. ఆ లాటిన్ వెనక ఋషి లేడు. సంస్కృతం పేరుతోనే వాదించాలంటే చైనా గుమాస్తా ముందే రాక్షసుల పక్షాన అర్జీ దాఖలు చేసి ఉన్నాడు, ఆయనకే సీనియారిటీ.

కాబట్టి ఉత్తర్వు: తెడ్డు వేసేవారి వారసులుగా స్వీడన్ ప్రజలు పదిహేను రోజుల్లో హక్కు నిరూపించుకోవాలని రూస్లాగెన్ తీరానికి నోటీసు పంపడమైనది. వాళ్ళు తమ దేశాన్ని ‘స్వెరియె’ అంటారట. రూస్ అనే మాట తమకు చెందదనీ, అది తూర్పున ఉన్న ‘ర్యూస్లాండ్’ వాళ్ళదనీ రాసి నోటీసును వెనక్కి పంపారు.