గబ్బిలం ఇంట్లోకొస్తే ముందు ఫ్యాన్ ఆపండి

వానలు మొదలైతే సాయంత్రం లైటు చుట్టూ ఉసుళ్లు మూగుతాయి. వాటిని తరుముతూ ఒక్కోసారి చిన్న గబ్బిలం కూడా కిటికీలోంచి లోపలికి వచ్చేస్తుంది. ఇక ఇంట్లో గోల మొదలు. పిల్లలు మంచం కిందకి దూరతారు, పెద్దవాళ్లు చీపురు కోసం పరుగెడతారు. కాసేపటికి ఆ ప్రాణి ఫ్యాన్ రెక్క తగిలో, చీపురు దెబ్బకో నేల మీద పడి ఉంటుంది. 5 గ్రాములు కూడా తూగని జీవి మీద ఇంత యుద్ధం అక్కర్లేదు. పైగా మనకు ఏదైనా ప్రమాదం ఉందంటే అది ఈ యుద్ధం వల్లే. తనంతట తాను వచ్చి మనిషిని కరిచే అలవాటు దానికి లేదు, మామూలుగా పట్టుకుంటేనే కరుస్తుంది.

"నా తల మీదకే వస్తోంది" అని అందరూ అంటారు. గదిలో చిక్కుకున్న గబ్బిలం గోడ దగ్గర పైకి లేస్తుంది, గది మధ్యకొచ్చేసరికి కిందకి దిగుతుంది. మనం నిలబడేదీ అక్కడే కాబట్టి అలా అనిపిస్తుంది. అది వెతుకుతున్నది బయటికి పోయే దారి. ముందు ఫ్యాన్ ఆపండి, అన్నిటికన్నా ముఖ్యం ఇదే. లోపలి గదుల తలుపులు వేసి, బయటివైపు కిటికీలు, తలుపులు బార్లా తెరవండి. దోమల మెష్ ఉంటే అదీ తీయండి. లైటు ఆర్పి గది వదిలి వచ్చేయండి. చాలాసార్లు కొన్ని నిమిషాల్లోనే వెళ్లిపోతుంది. అలసిపోయి గోడకో కర్టెన్‌కో అతుక్కుంటే ప్లాస్టిక్ డబ్బా బోర్లించి, కింద నుంచి అట్టముక్క జరిపి బయటికి తీసుకెళ్లండి. చేతికి మందపాటి గ్లవ్స్ ఉండాలి. నేల మీద వదిలేయొద్దు, చాలా రకాల గబ్బిలాలు నేల నుంచి సులువుగా ఎగరలేవు. చీకటి పడ్డాక చెట్టు మొదలుకో ఎత్తైన గోడకో ఆనించి వదిలితే చాలు.

పోర్టికోలో, అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో కనిపించేవి వేరే రకం. పొద్దున్నే కారు మీద నమిలి ఉమ్మిన పిప్పి, సగం కొరికిన జామకాయలు, గోడ మీద మరకలు ఉంటే అది పండ్ల గబ్బిలం పని. దగ్గర్లో బాదం చెట్టో, ప్రహరీ వెంట వరసగా నాటే అశోక చెట్లో ఉంటాయి. కాయ కోసుకుని మీ పోర్టికో కప్పుకు వేలాడి తిని పోతుంది. అక్కడ కాపురం ఏమీ పెట్టదు. కొన్ని రాత్రులు లైటు వెలిగించి ఉంచినా, అది వేలాడే చోట వల కట్టినా జాగా మార్చుకుంటుంది. దీనికోసం చెట్టు కొట్టించే అసోసియేషన్లు ఉన్నాయి. బాధాకరం.

అసలు చిక్కు కప్పులో గుంపుగా చేరినప్పుడే. పెంకుల కింద, అటకలో, షాపు షటర్ పెట్టెలో, ఏసీ వెనక, బొటనవేలు పట్టే సందు చాలు వాటికి. మనవాళ్లు వెంటనే కలరా ఉండలు వేస్తారు, పొగ పెడతారు, లేదా మందు కొట్టిస్తారు. కొందరు పట్టపగలే సిమెంటు పెట్టి సందు మూసేస్తారు. పగలు అవన్నీ లోపలే ఉంటాయి కదా! రాత్రి మూసినా, ఎగరలేని పిల్లలు లోపల ఉండిపోతే తల్లులు దారి వెతుక్కుంటూ గదుల్లోకి వస్తాయి, పిల్లలు చచ్చి ఇల్లంతా కంపు కొడుతుంది. పద్ధతి ఒకటుంది. సాయంత్రం నిలబడి ఏ సందులోంచి బయటికి వస్తున్నాయో చూడండి. పెద్దవన్నీ వెళ్లాక కూడా లోపల కిచకిచలు వినిపిస్తే పిల్లలున్నట్టే, అవి ఎగిరే దాకా కొన్ని వారాలు ఆగాలి. తర్వాత ఆ సందుకు పైన, పక్కల బిగించి, కింద వదులుగా వేలాడేలా మెష్ ముక్క కట్టండి. లోపలివి జారి బయటికి పోతాయి, తిరిగి దూరలేవు. వారం గడిచి, ఏవీ లేవని తేలాక మూసేయొచ్చు. పెంటికలు పొడిగా ఊడవకండి, ఆ దుమ్ములో ఊపిరితిత్తుల్ని పాడుచేసే ఫంగస్ ఉండొచ్చు. మాస్క్ పెట్టుకుని, తడిపి తీయాలి.

భయం ఎక్కడి నుంచి వచ్చింది? గబ్బిలం దూరితే ఇల్లు పాడుపడుతుందని పెద్దవాళ్లు అనేవారు. నిజానికి మనిషి అలికిడి లేని ఇంటికే గబ్బిలాలు చేరతాయి, పాడుపడటం ముందే జరిగిపోతుంది. కొత్త భయం నిఫా అనే ప్రాణాంతక వైరస్. 2018 మేలో కేరళలోని కోళికోడ్ ప్రాంతంలో అది బయటపడి 17 మంది చనిపోయారు. మొదట జబ్బు పడిన కుటుంబం బావిలో గబ్బిలాలు కనిపిస్తే అందరి వేలూ వాటి వైపే వెళ్లింది. భోపాల్ ల్యాబ్‌లో పరీక్షిస్తే వాటిలో వైరస్ లేదు, అవి పురుగులు తినే రకం. వైరస్ ఆనవాళ్లు తర్వాత దొరికింది పండ్ల గబ్బిలాల్లో. కాబట్టి కొరికిన పండు తినకూడదు, పిల్లలు ఏరుకోకుండా చూడాలి. బంగ్లాదేశ్‌లో పచ్చి ఖర్జూర రసం ద్వారా నిఫా సోకుతోందని తేలాక కుండల దగ్గరికి గబ్బిలాలు రాకుండా వెదురు తడికలు కట్టడం నేర్పారు. మన గీత కార్మికులకూ పనికొచ్చే సంగతి ఇది.

రేబిస్ విషయంలో మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. మన దేశంలో రేబిస్ ప్రధానంగా కుక్కల నుంచే వస్తుంది. అయినా గబ్బిలం కరిచినా, గీరినా సబ్బునీళ్లతో 15 నిమిషాలు కడిగి డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే. అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఇది ఇంకా ముఖ్యం. అక్కడ రేబిస్ మరణాలకు ఎక్కువగా గబ్బిలాలే కారణం. 2021లో కొద్ది వారాల్లోనే ముగ్గురు అలా చనిపోయారు, ముగ్గురూ టీకా వేయించుకోలేదు. అక్కడ పడుకున్న గదిలోనో, చంటిపిల్ల గదిలోనో గబ్బిలం కనిపిస్తే దాన్ని వదిలేయకుండా హెల్త్ డిపార్ట్‌మెంట్‌కు ఫోన్ చేయాలి, కాటు కనిపించకపోయినా సరే.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం పండ్ల గబ్బిలాలను ఎలుకలు, కాకులతో కలిపి హానికర జీవుల షెడ్యూల్‌లో పెట్టింది. 2022 సవరణ ఆ షెడ్యూల్‌నే తీసేసింది, 2023 ఏప్రిల్ 1 నుంచి అది అమల్లో ఉంది. చట్టం మారినా మన వీధుల్లో ఏమీ మారలేదు. ఇంట్లో పాము దూరితే ఎవరికి ఫోన్ చేయాలో హైదరాబాద్‌లో చాలామందికి తెలుసు. గబ్బిలం వస్తే పెస్ట్ కంట్రోల్ తప్ప ఇంకో ఆలోచనే రాదు. రెండు రాష్ట్రాల అటవీ శాఖలు పాములకు, కోతులకు వచ్చే ఫోన్లతో పాటు వీటికీ జవాబు చెప్పే ఏర్పాటు చేయాలి. పెస్ట్ కంట్రోల్ సంస్థలకు లైసెన్సులిచ్చే అధికారులు గబ్బిలాల మీద మందు కొట్టకూడదని, పిల్లలున్నాయో లేదో చూడకుండా సందు మూయకూడదని షరతు పెట్టాలి. ఇందుకు కొత్త చట్టం అక్కర్లేదు, ఒక సర్క్యులర్ సరిపోతుంది.