కౌన్సెలర్ కావాలట, సైకాలజీ వద్దట!

వంద మందికి తగ్గకుండా విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థ అర్హత గల కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సోషల్ వర్కర్‌నో నియమించుకోవాలని సుప్రీంకోర్టు 2025 జూలై 25న ఆదేశించింది. ఆ తీర్పుకు మూలం మన విశాఖలో 2023లో జరిగిన ఒక నీట్ విద్యార్థిని మరణం కనుక నేపథ్యం ఈ నగర పాఠకులకు మళ్లీ చెప్పనక్కర్లేదు. జస్టిస్ విక్రమ్‌నాథ్, జస్టిస్ సందీప్ మెహతా ధర్మాసనం జారీచేసిన ఆ 15 మార్గదర్శకాలకు, శాసనం వచ్చేదాకా, చట్టబద్ధత ఉంది. సైకాలజీ చదివేవారినే తయారుచేయని చోట ఆ కౌన్సెలర్లు ఎక్కడి నుంచి ఊడిపడతారన్నదే మా ప్రశ్న.

సీబీఎస్‌ఈ 11, 12 తరగతుల్లో సైకాలజీ ఐచ్ఛికాంశంగా ఉంది. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలూ ఉన్నాయి. అయినా ఇక్కడ ఇంటర్ అంటే ఎంపీసీ, బైపీసీ. ర్యాంకు తేని సబ్జెక్టుకు టైంటేబుల్లో చోటు దొరకదు. పరామనోవిజ్ఞానాన్ని సైతం కలుపుకొని ఆంధ్ర విశ్వవిద్యాలయం 1967లోనే సైకాలజీ శాఖను నెలకొల్పింది. అతీంద్రియ శక్తులను పరిశోధించడానికి ఆనాడే తీరిక చేసుకున్న నగరానికి, హాస్టల్లో నిద్రపట్టని పదిహేడేళ్ల పిల్ల మనసు గురించి చదివే తీరిక ఇంకా చిక్కలేదు.

శిక్షణ పొందినవారు దొరకడం లేదని, తల్లిదండ్రులే ర్యాంకులు అడుగుతున్నారని యాజమాన్యాలు చెప్పే మాటలో కొంత నిజముంది. కానీ ఆ సబ్జెక్టును చిన్నచూపు చూసి ఆ కొరతను పెంచింది ఎవరు? దూరవిద్యలో, ఆన్‌లైన్లో సైకాలజీ కోర్సులను 2025-26 నుంచి నిలిపివేయాలని యూజీసీ ఆదేశించింది. మనుషుల మధ్య నేర్వవలసిన విద్య కాబట్టి అది సరైన నిర్ణయమే. అయితే రెగ్యులర్ సీట్లు పెంచకుండా ఆ తలుపు మూస్తే మిగిలేది ఖాళీ కుర్చీయే.

ఆ కుర్చీలో ఎవరిని కూర్చోబెడతారో ఊహించడం కష్టం కాదు. స్టడీ అవర్లో పిల్లలను గదమాయించే వార్డెనుకే రెండు రోజుల శిక్షణ ఇప్పించి, ఆయన ఫోన్ నంబరునే కౌన్సెలర్ నంబరుగా గోడకు అంటించి, తనిఖీకి వచ్చినవారికి ఆ గోడ చూపిస్తే సరిపోతుంది. ఒక్క కళాశాలలో దీన్ని చూసీచూడనట్లు వదిలేస్తే మిగతావన్నీ అదే దారి పడతాయి. కోర్టు అడిగింది పిల్లల, కౌమారుల మానసిక ఆరోగ్యంలో శిక్షణ పొందిన మనిషిని. గోడమీద నంబరును కాదు. సైకాలజీని బోధించరు, బోధించేవారిని నియమించరు, కౌన్సెలర్ ఉన్నాడని మాత్రం రాసిస్తారు. ఈ నటనకు ప్రభుత్వ ముద్ర పడితే తీర్పు ఉన్నా లేనట్టే.

గుర్తింపు పునరుద్ధరణకు వచ్చే ప్రతి దరఖాస్తులో అగ్నిమాపక ధ్రువపత్రంతోపాటు కౌన్సెలర్ డిగ్రీనీ, జీతం చెల్లించిన రుజువునూ ఇంటర్ బోర్డు అడగాలి. ప్రభుత్వ జూనియర్ కళాశాలల్లో సైకాలజీ అధ్యాపక పోస్టులు సృష్టించి భర్తీ చేయాలి. 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర గణాంకాల సంస్థ ఎన్‌సీఆర్‌బీ నమోదు చేసింది. ఆ లెక్క తెలిసీ ఈ రెండు పనులూ చేయని అధికారులు ఇక ఏ తల్లిదండ్రుల గుమ్మం ముందుకూ సంతాప ప్రకటనలు పట్టుకుని రావద్దు.