ఏడు సెకన్లలో పాటకు మార్కులా?

2001 జూలైలో దేశంలోని తొలి ప్రైవేటు ఎఫ్‌ఎం, రేడియో సిటీ, మొదలైంది బెంగళూరులోనే. ఇప్పుడు ఈ ఊళ్లో స్టేషన్లకు కొదవ లేదు, కరువల్లా పాటలకే. పొద్దున విన్నవే సాయంత్రం మళ్లీ వస్తాయి. చాలామంది ఆర్జేలను తిట్టుకుంటారు గానీ, ఆ ఎంపికలో వాళ్ల చేతిలో ఉండేది బహు తక్కువ.

వాణిజ్య రేడియోలో కాల్‌ఔట్ అనే పద్ధతి ఉంది. శ్రోతకు ఫోన్ చేసి, పాటలో బాగా గుర్తుండే ముక్కను ఏడెనిమిది సెకన్లు వినిపిస్తారు. ఇంతకుముందు విన్నారా? నచ్చిందా? విని విని విసుగొచ్చిందా? వెంటనే ఇంకో ముక్క, ఆపైన మరొకటి. మార్కులొచ్చిన పాటను సాఫ్ట్‌వేర్ రోజుకు పలుమార్లు వేస్తుంది. విసుగు పెరిగిందంటే తగ్గిస్తుంది. ముందే చెవిన పడిన పాటకే ఈ పరీక్షలో మార్కులు. అంటే ప్రచారానికి డబ్బున్నవాళ్లు సగం పాసై వస్తున్నట్టే.

ఇది తెలిసిన నిర్మాత ఆ గుర్తుండే ముక్కను, అంటే హుక్‌ను, ముందుకు లాగమంటాడు. వయొలిన్లు మెల్లగా రాగం పట్టుకునే అర నిమిషం ప్రిల్యూడ్‌కు, అంటే పాటకు ముందొచ్చే సంగీతానికి, చోటెక్కడ? ఉన్నా, గొంతు మొదలయ్యేదాకా దాని మీద ఆర్జే మాట్లాడేస్తారు. అమెరికా టాప్ 10 పాటలపై 2017లో ఒక అధ్యయనం వచ్చింది. 1980ల మధ్యలో 20 సెకన్లకు పైగా ఉన్న సగటు ఇంట్రో 2015కల్లా 5 సెకన్లకు పడిపోయిందట. శ్రోత ఇట్టే పాట మార్చేసే స్ట్రీమింగే కారణమని ఆ పరిశోధకుడి వాదన. స్టేషన్ మార్చేస్తారన్న టెన్షన్ రేడియోకు అంతకు చాలా ముందు నుంచే ఉందని నేనంటాను.

బెంగళూరు తెలుగువాళ్ల సంగతి ఇంకా అన్యాయం. 2011 జనాభా లెక్కల్లో ఈ జిల్లాలో దాదాపు 14 శాతం మంది మాతృభాష తెలుగు. ప్రైవేటు స్టేషన్లు నడిచేది మాత్రం ప్రధానంగా కన్నడ, హిందీ, ఇంగ్లీషు పాటలతో. 2007లో టామ్ సంస్థ మొదలుపెట్టిన ర్యామ్ అనే రేడియో శ్రోతల కొలతల్లో బెంగళూరు కూడా ఉంది. ఎంపికైన శ్రోతలు ఏ స్టేషన్ ఎంతసేపు విన్నారో డైరీలో రాసేవారు. లేని స్టేషన్‌ను విన్నామని ఎవరు రాస్తారు? డైరీలో తెలుగు కనిపించదు కాబట్టి ప్రకటనలు రావు, ప్రకటనలు రావు కాబట్టి కార్యక్రమమూ రాదు.

1952లో కేంద్ర సమాచార, ప్రసార మంత్రి కేస్కర్ హయాంలో ఆకాశవాణి సినిమా పాటలను దూరం పెడితే శ్రోతలు రేడియో సిలోన్‌కు వెళ్లిపోయారు. ఇవాళ సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో ఇరుక్కున్న తెలుగు డ్రైవరు బ్లూటూత్ కలిపి ఫోన్లోని పాటలు పెట్టుకుంటాడు. అలా వెళ్లిపోయినవాడిని ఏ సర్వే అడుగుతోంది?

శ్రోతల సర్వే మానేయమనను. మారతహళ్లి, కె.ఆర్.పురం లాంటి చోట్ల రేడియో వినడం మానేసినవాళ్లను కూడా అడగండి. పాట మొత్తం వినిపించి అడగండి. రాత్రి పది తర్వాత ఒక గంటైనా పరీక్షకు పెట్టని పాటలు, అందులో కొన్ని తెలుగువి, వేసి చూడండి. ఆరు నెలలు ఆగి, ఆ లెక్కలే ప్రకటనదారుల ముందు పెట్టండి.