సంగీత్‌లో రెగే: ఒకటో దెబ్బని ఖాళీగా ఉండనివ్వండి

సెలవులకి వచ్చి, ధనుర్మాసం పట్టేలోపు పెళ్లి ముగించుకుని వెళ్లే కుటుంబాల సంగీత్ జాబితాల్లో ఈమధ్య రెగే (జమైకాలో పుట్టిన సంగీతం) కలిసిన ఈడీఎం (ఎలక్ట్రానిక్ డాన్స్ సంగీతం) పాట ఒకటైనా ఉంటోంది. డల్లాస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో పిల్లలు కారులో పదేపదే విన్న పాటే. తీరా అది విజయవాడ–గుంటూరు హైవే పక్క లాన్‌లో మోగేసరికి, ఆడుతున్నవాళ్లు ఒక్కొక్కరే కుర్చీల్లోకి జారుకుంటారు. మనవాళ్లకి తీన్మార్ తప్ప ఎక్కదని అక్కడికక్కడే తీర్పు చెప్పేస్తారు. మేం ఒప్పుకోం. పాటా బాగానే ఉంది, జనమూ బాగానే ఉన్నారు. పెన్‌డ్రైవ్ నుంచి బేస్ బాక్సు దాకా మధ్యలో జరిగేదే దాన్ని చెడగొడుతోంది.

ముందు లయ సంగతి. రెగేలో వన్ డ్రాప్ అనే నడకని నాలుగు దెబ్బలుగా లెక్కపెట్టండి. ఒకటి మీద డ్రమ్మర్ చెయ్యెత్తడు. రెండు, నాలుగు మీద గిటారో కీబోర్డో చక్‌మని పలికి ఆగిపోతుంది, అది స్కాంక్. కిక్కూ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్), స్నేర్ (కర్రతో కొట్టే చిన్న డ్రమ్) అంచు మీది దెబ్బా రెండూ కలిసి మూడు మీద పడతాయి. సమం మీద, అంటే మొదటి దెబ్బ మీద, బరువు ఉంటుందనుకున్న చెవికి అక్కడ ఏమీ దొరకదు. అలాగని ఇది మనకి బొత్తిగా తెలియనిదీ కాదు. తాళం పడ్డాక అరదెబ్బ ఆగి ఎత్తుకునే కీర్తనలు విన్నవాళ్లకి ఈ ఖాళీ తొందరగానే పట్టుబడుతుంది. కానీ కొందరు డీజేలు ‘పాటలో దమ్ము లేదు’ అని శాంపిలర్ (రికార్డు చేసిన దెబ్బల్ని మోగించే మీటల పెట్టె) నొక్కి నాలుగు దెబ్బలకీ నాలుగు కిక్కులు తగిలిస్తారు. ఇక మూడో దెబ్బకి విలువుండదు, స్కాంక్ అడుగున పడిపోతుంది. మిగిలేది నీరసంగా నడిచే హౌస్ పాట, అంటే ప్రతి దెబ్బకీ కిక్ పడే డాన్స్ పాట. అన్ని దెబ్బలకీ కిక్ కావాలంటే రెగేలోనే స్టెపర్స్ అనే నడక ఉంది, ఆ రకం పాటే అడగండి.

సంగీత్ జాబితాల్లోకి ఎక్కువగా వచ్చేది నిజానికి వన్ డ్రాప్ కాదు, దాని సంతానమైన డాన్స్‌హాల్ నడక. మేజర్ లేజర్, డీజే స్నేక్ కలిసి 2015లో చేసిన ‘లీన్ ఆన్’ అందరికీ తెలిసిన ఉదాహరణ. వీడియో మన దేశంలోనే తీశారు, వేగం నిమిషానికి 98 దెబ్బలు. దాన్ని రెగే అనడం కాస్త ఎక్కువే గానీ రక్తసంబంధం ఉంది. ఈ కుటుంబపు నడకని మన జతుల్లో చెప్పుకుంటే తకిట తకిట తక, మొత్తం ఎనిమిది అక్షరాలు. మొదటి ‘త’ మీద కిక్, మిగతా రెండు ‘త’ల మీద స్నేర్, రెండో తకిటలోని ‘కి’ మీద ఇంకో కిక్. నోటితో అంటూ అడుగు వేసి చూడండి. డప్పుకి ఆడే కాలికి ఇందులో కష్టమేం లేదు. అందుకే పెద్దవాళ్లూ ఆడాలనుకునే చోట మొదట ఈ రకం వేసి, వన్ డ్రాప్‌ని ఆ తర్వాతే తేవాలి.

ఈడీఎం వాళ్లు రెగేని అరువు తెచ్చుకున్నారనడం కూడా సగమే నిజం. 1970ల మొదట్లో జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లో కింగ్ టబ్బీ అనే ఎలక్ట్రానిక్స్ రిపేరు మనిషి మిక్సర్ మీద గొంతుని దించేసి, డ్రమ్సూ బేసూ మాత్రం ఉంచి, మాటల ముక్కల్ని ఎకోలో వదిలేవాడు. ఇవాళ రీమిక్స్ చేసే ప్రతివాడూ ఆ మిక్సర్ బల్లకి బాకీ ఉన్నాడు. కొత్తగా వచ్చిన పాట ఏదైనా మా కొలత అదే. డ్రాప్ (ఈడీఎం పాట ఊపందుకునే చోటు) దగ్గర శబ్దాలు పెంచుకుంటూ పోతే అది రెగే పూత పూసిన మామూలు పాట. శబ్దాలు తీసేసి బేస్‌ని ఒంటరిగా నిలబెడితే అందులో సరుకున్నట్టు.

ఇక ఫైల్. యూట్యూబ్ నుంచి దింపిన పాటని 320 కేబీపీఎస్ ఎంపీ3గా మార్చినా కుదింపులో పోయింది తిరిగి రాదు. హైహ్యాట్లూ (డ్రమ్స్‌లోని జంట తాళాలు) ఎకో తోకలూ గరగరమంటాయి, ఈ పాటల్లో సగం అందం ఆ తోకల్లోనే ఉంది. పాట కొని, కుదించని వేవ్ ఫైల్ పంపండి. నాలుగు నిమిషాలకి సుమారు 42 ఎంబీ అవుతుంది. వాట్సాప్‌లో అయితే డాక్యుమెంట్‌గానే పంపాలి, వీడియోగా పంపితే కుదించేస్తుంది. పెన్‌డ్రైవ్‌ని ఫ్యాట్32లో ఫార్మాట్ చెయ్యండి. పాత డీజే ప్లేయర్లు మిగతా ఫార్మాట్లని చదవక, ఆఖరి నిమిషంలో ఫోన్‌కి వైరు తగిలించాల్సి వస్తుంది.

అసలు గొడవ బేస్ దగ్గర. బేస్ గిటార్‌లో అన్నిటికన్నా మందమైన తీగని ఖాళీగా మీటితే 41 హెర్ట్జ్. అంత కిందకి దిగేసరికి చాలా అద్దె బాక్సుల్లో బలం తగ్గిపోతుంది. వెనక నుంచి ఎవరో “అన్నా, బేస్ పెంచన్నా” అంటారు, ఆపరేటర్ మిక్సర్ మీద లో నాబ్ తిప్పేస్తాడు. ఆ నాబ్ 41ని ఒక్కదాన్నే పెంచదు, 100 దాటిన భాగాన్నీ లేపుతుంది. గొంతు మునిగిపోతుంది, శబ్దం హద్దు దాటకుండా అణిచే లిమిటర్ ఎర్ర లైటు ఆరదు, బేస్ స్వరం పడ్డ ప్రతిసారీ మొత్తం శబ్దం నలిగిపోతుంది. నాబ్ మధ్యలోనే ఉంచి, 35 హెర్ట్జ్ కింద కోత పెట్టమనండి. బేస్ బాక్సుల్ని స్టేజీకి అటొకటి ఇటొకటి కాకుండా మధ్యలో ఒకచోట చేర్చమనండి. 50 హెర్ట్జ్ అల పొడవు దాదాపు 7 మీటర్లు. విడివిడిగా పెట్టిన రెండు బాక్సుల నుంచి మీ దాకా దూరంలో 3.4 మీటర్ల తేడా ఉన్నచోట రెండు శబ్దాలూ ఒకదాన్నొకటి మింగేస్తాయి. అక్కడ నిలబడ్డవాడే బేస్ లేదని అరిచేది. పక్కపక్కన చేర్చాక కూడా పలచగా వినిపిస్తే ఒక బాక్సు పోలారిటీ (ప్లస్, మైనస్) తిప్పించి చూడండి, బేస్ నిండుగా వినిపించిన పద్ధతే సరైనది.

రెండు పాటల వేగం కలపాలనే పట్టుదల కూడా వదలాలి. 128 మీద నడుస్తున్న పాట నుంచి 98కి సింక్ బటన్ నొక్కితే కొత్త పాట ముప్పై శాతం పరుగెత్తాలి, స్వరం మారకుండా కీ లాక్ వేస్తే బేస్ వణుకుతుంది. మన మాస్ పాటలు చాలావరకు తిశ్రంలో నడుస్తాయి, వాటిని ఈ నడకతో అతికించాలని చూడడమే దండగ. పాత పాటని చరణం చివర ఎకోతో వదిలేసి, ఒక్క క్షణం ఆగి కొత్తది మొదలుపెట్టడం నయం. వన్ డ్రాప్ పాటని సాఫ్ట్‌వేర్ ఒకసారి 75 అనీ ఒకసారి 150 అనీ చూపిస్తుంది. రెండూ తప్పు కాదు, లెక్కించే తీరులోనే తేడా. కానీ డీజే ముందే సరిచూసుకోకపోతే అంకెని నమ్మి తప్పు పాట పక్కన పెడతాడు.

లాన్‌లో అయితే రాత్రి 10 దాటాక లౌడ్‌స్పీకర్ కుదరదు, 2000 నాటి శబ్దకాలుష్య నిబంధనలు అలా ఉన్నాయి. కాబట్టి ఈ పాటల్ని చివరికి దాచకుండా ఎనిమిదిన్నర ప్రాంతంలోనే వేయించండి. మూసి ఉన్న హాలుకి ఆ నిబంధనలో సడలింపు ఉంది గానీ, అక్కడ టైల్స్ నేలా అద్దాల గోడలూ వేరే బాధ. శబ్దం చప్పున చావదు. 75 వేగం పాటలో దెబ్బకి ముప్పాతిక దగ్గర పెట్టిన ఎకో 600 మిల్లీసెకన్లకి తిరిగొస్తుంది, దాని మీద హాలు తన ప్రతిధ్వని కలుపుతుంది. పైగా యాంకర్ మైకుకి ఆపరేటర్ అలవాటుగా ఇంకో ఎకో పెడతాడు. ముందు దాన్ని తీయించండి, లేకపోతే పెళ్లికూతురి పేరు కూడా ఎవరికీ అర్థం కాదు.